మెట్లదారిలో తిండి, చెట్ల వెనక చిరుత

(తిరుమల నడకదారి, శేషాచలం అడవిపై స్టూడియో చర్చలో కొంత భాగం)

యాంకర్: 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో ఆరేళ్ళ పాపను చిరుత ఎత్తుకెళ్ళి చంపేసింది. అంతకుముందు జూన్‌లో ఒక బాబు చిరుత నోట పడి, ఎలాగో ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ తర్వాత భక్తులకు కర్రలిచ్చారు. పన్నెండేళ్ళలోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటితే నడకదారిలోకి పంపలేదు. అసలు చిరుత మెట్ల దాకా ఎందుకొస్తోంది? మేడం, మీరు మొదలుపెట్టండి.

జీవశాస్త్ర అధ్యాపకురాలు: ఆ మెట్ల చుట్టూ ఉన్నది శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు అడవి. 1989లో ప్రకటించారు, 353 చదరపు కిలోమీటర్లు. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా కూడా గుర్తించారు. ఎర్రచందనం, బంగారు బల్లి, దేవాంగపిల్లి ఉన్న చోటు అది. ఈ అడవిలో మూడున్నర వేల మెట్లు ఎక్కుతూ జనం నడుస్తుంటారు, దారంతా తింటూనే ఉంటారు. మిగిలింది పక్కకు విసిరేస్తారు. దానికోసం పందులు, కుక్కలు వస్తాయి. వాటికోసం చిరుత వస్తుంది.

యాంకర్: జింకల సంగతి?

అధ్యాపకురాలు: ఉప్పూకారం చల్లిన కీరదోస ముక్క కొని, రెండు కొరుకులు కొరికి, దారి పక్కన జింకల పార్కు కంచె సందులోంచి జింక నోటికి అందిస్తారు. ఫోటో తీసుకుంటారు. ప్రేమతోనే పెడతారు, కాదనను. కానీ అలవాటు పడిన జింక కంచె దగ్గరే కాచుకుని ఉంటుంది. ఉప్పు వాసనకి చిప్స్ కవరు కూడా నమిలేస్తుంది. నెమరువేసే జంతువు కడుపులో ప్లాస్టిక్ అరగదు, బయటికీ పోదు. పేరుకుపోయి మేత దిగకుండా చేస్తుంది. ఇది తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నడకదారి దుకాణదారు: మేడం చెప్పింది నిజమే. కానీ ప్రతిసారీ మావైపే వేలు చూపిస్తే ఎట్లా? 2023లో జంతువులకు తిండి పెట్టకూడదన్నారు, మేమూ సరే అన్నాం. చీకటి పడ్డాక కొట్టు వెనక పందులు విస్తరాకులు తిరగేస్తుంటే మాకూ భయమే కదండీ. మా పిల్లలూ అక్కడే తిరుగుతారు.

విశ్రాంత అటవీ అధికారి: ఈయన భయం న్యాయమైనదే. ఆ ఏడాది జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆరు చిరుతల్ని బోన్లలో పట్టారు. అప్పటికి ఊరట దొరికింది. కానీ తిండి ఉన్న చోటు ఖాళీగా ఉండదు, ఇంకో చిరుత వచ్చి చేరుతుంది. మహారాష్ట్రలో జున్నర్ దగ్గర పట్టిన చిరుతల్ని తీసుకెళ్ళి వేరే అడవుల్లో వదిలితే, వదిలిన చోట మనుషుల మీద దాడులు పెరిగాయి. బోను ఒక్కదాన్నే నమ్ముకోకూడదని అప్పుడే తెలిసింది.

యాంకర్: మరి దారి మూసేయాలా?

అధికారి: ఎవరన్నారండీ? అన్నమయ్య కాలం నుంచీ జనం నడిచిన కొండ అది. మోకాళ్ళ పర్వతం దగ్గర చంటిబిడ్డను ఎత్తుకుని ఎక్కే తల్లిని ఆపే హక్కు ఎవరికీ లేదు. నేను అడిగేది చెత్త గురించి. పొద్దుగూకే లోపు దారి పొడవునా ఒక్క మెతుకు కూడా మిగలకుండా ఎత్తేయాలి. దారికి రెండు పక్కలా పొదలు కొట్టి, చూపు ఆనేంత ఖాళీ ఉంచాలి.

అధ్యాపకురాలు: పొదలు కొట్టేటప్పుడు జాగ్రత్త సార్. బంగారు బల్లి రాళ్ళ సందుల్లో ఉంటుంది. రాళ్ళు కదిలించకుండా పొద వరకే కొట్టాలి.

అధికారి: ఒప్పుకుంటాను. అది పనివాళ్ళకు చూపించి చేయించాలి.

దుకాణదారు: కొండ మీద గాజు సీసాకి డిపాజిట్ కడతారు కదా, ఖాళీ సీసా ఇస్తే డబ్బు తిరిగిస్తారు. చిప్స్ ప్యాకెట్‌కీ అట్లాగే పెట్టండి. రెండు రూపాయలు ఎక్కువ తీసుకుంటాం, కవరు తెచ్చిస్తే ఇచ్చేస్తాం. భక్తుడు పారేసినా, డబ్బు వస్తుందంటే వెనక వచ్చేవాళ్ళు ఏరుకొస్తారు.

అధ్యాపకురాలు: ఇది రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు. గాలిగోపురం దగ్గర కొట్లతో ప్రయత్నించి చూద్దాం.

దుకాణదారు: మా వరసలో కొట్లవాళ్ళతో నేను మాట్లాడతాను. ఏరిన కవర్లు కిందికి మోసే మనిషిని మాత్రం దేవస్థానం ఇవ్వాలి. అది మావల్ల కాదు.