చెట్టు కుంటలోకి దిగేది నీళ్లు తగ్గినప్పుడే

అందరికీ నమస్కారం.

లోతు తక్కువ కుంట చూసుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "నీళ్లలో చెట్లు మొలిచాయి, ఎలా నరకాలి?" నరకడం గురించి చెప్తాను. దానికన్నా ముందు అవి ఎప్పుడు మొలిచాయో చూద్దాం. నిండా నీళ్లున్న చోట చెట్టు గింజ మొలిచి నిలబడటం చాలా అరుదు. నీటిమట్టం తగ్గి, అంచున బురద బయటపడి, అది ఇంకా ఆరకముందే మొలుస్తుంది. నీటి ఒడ్డున పెరిగే విల్లో, పాప్లర్ లాంటి చెట్ల విత్తనాలు దూదిపింజల్లా గాలికి వస్తాయి. వాటి ఆయుష్షు కొద్ది వారాలే, కానీ ఆలోపు తడి బురద తగిలితే నారు పోసినట్టు లేస్తాయి. తుమ్మ గింజలు అలా కావు. పెంకు గట్టిది, ఏళ్ల తరబడి మట్టిలో చెడకుండా ఉంటాయి.

నీళ్లు తగ్గిన రెండు మూడు వారాలకు ఆ అంచున కూర్చుని చూడండి. దూరానికి పచ్చని నాచులా కనిపించేది దగ్గరికెళ్తే వందల మొక్కలు, ఒక్కోదానికి బుల్లి ఆకులు రెండో నాలుగో. రెండు వేళ్లతో లాగితే వేరుతో సహా వచ్చేస్తాయి. ఏడాది ఆగితే పార కావాలి, ఇంకో రెండేళ్లు ఆగితే రంపం. నా మాట వింటే మీ కష్టమంతా ఆ మొదటి వారాల్లోనే పెట్టండి. నీటిమట్టం మీ చేతిలో ఉంటే ఇంకా మంచిది: మొక్కలు పూర్తిగా మునిగేలా నీళ్లు పెంచి, అవి పెరిగే కాలంలో కొన్ని వారాలు అలాగే ఉంచితే చాలావరకు చచ్చిపోతాయి. తల బయట ఉంటే మాత్రం లాభం లేదు. మొదలు చుట్టూ నీళ్లు నిలవడం విల్లోకి అలవాటే.

ఇక పెద్ద చెట్లు. మొదటిసారి నేను చేసిన తప్పు చెప్తాను. నీళ్లు తగ్గాక నడుం వంచే ఓపిక లేక మోకాలెత్తున నరికేశాను. కుంట నిండింది, మోడులు మాత్రం మునగలేదు. కొన్ని నెలల్లోనే ఒక్క మాను ఉన్నచోట పది పిలకలు. చాలా బాధేసింది. నీళ్లలో ఉన్న వేర్లకు గాలి కాండం మీదుగానే అందుతుంది. మోడు మునిగి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు నేలకు ఆనించి కోయాలి, తర్వాత పెరిగే కాలమంతా మోడు మీద నీళ్లు నిలవాలి. సర్కారు తుమ్మకు చిగురించే కళ్లు నేల లోపల కూడా ఉంటాయి, కాబట్టి మొదలు చుట్టూ తవ్వి ఇంకా కింద కోయాలి. నరికిన విల్లో కొమ్మలు బురదలో వదలొద్దు, ఒక్కో ముక్కా వేరు పోసుకుంటుంది.

ఇక మోడును చంపే మందు సంగతి. నాకైతే అది ఆఖరి దారి. మోడును ముంచే వీలు లేనప్పుడు, నీటి దగ్గర వాడటానికి అనుమతి ఉన్న గ్లైఫోసేట్ అనే కలుపు మందునే, లేబుల్ చదివి, కోసిన నిమిషాల్లో బ్రష్‌తో పూయాలి. మోడు మధ్యలో పూస్తే వృథా. బెరడుకి లోపల ఆనుకుని ఉండే సన్నని తడి వలయం ఉంది చూడండి, ప్రాణమంతా అక్కడే, పూయాల్సింది అక్కడే. మామూలు కలుపు మందు ఏది పడితే అది ఇక్కడ వాడకూడదు. కొన్నింటిలో మందు అంటుకోవడానికి కలిపే పదార్థం కప్పలకు, చేపలకు విషం.

మొత్తం ఒకేసారి కొట్టేయొద్దు. ఆకూ కొమ్మా నీళ్లలో కుళ్లితే ఆక్సిజన్ తగ్గి చేపలు తేలతాయి. ఈ ఏడు ఒక పక్క, వచ్చే ఏడు ఇంకో పక్క చేయండి, కొట్టిందంతా బయటికి లాగేయండి. గూళ్లలో పిల్లలున్న కాలంలో రంపం పట్టొద్దు.

కట్ట మీద చెట్ల విషయంలో ఒక్క జాగ్రత్త. చిన్నప్పుడే తీసేయండి. బాగా ముదిరిన చెట్టును కొట్టాక లోపల వేర్లు కుళ్లి, ఆ ఖాళీల గుండా నీరు దారి చేసుకుంటుంది, కట్టకే ముప్పు. అలాంటిది ఉంటే నరకడానికి ముందే కట్టల పని తెలిసిన ఇంజినీరుకి చూపించండి. కొట్టేసిన మోడు ఇప్పటికే ఉంటే, కట్ట బయటి వైపు దాని కింద మట్టి చెమ్మగా ఉందేమో నీళ్లు నిండిన ప్రతిసారీ వెళ్లి చూసుకోండి.