అరకు రిసార్ట్: పాత రాతి గోడకు మళ్లీ సున్నం పూశారు!

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ రెండు రాత్రుల గది రిసార్ట్ వాళ్లే ఉచితంగా ఇచ్చారు. వీడియో మాత్రం వాళ్లకు ముందుగా చూపించలేదు. గదులెన్ని, అద్దె ఎంత అన్నవి ఈ వీడియోలో చెప్పను, నేరుగా గోడ దగ్గరికి వచ్చేశా.

ఇదిగో, ఎంత నున్నగా ఉందో చూడండి. పాత రాతి బ్లాకును కూలగొట్టకుండా, మీదున్న సిమెంటు ప్లాస్టరింగ్ మాత్రం చెక్కేసి డంగు సున్నం, అంటే ఇసుకతో కలిపి గానుగలో రుబ్బిన సున్నం, పూశారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపామని మేస్త్రి చెప్పాడు. మా అమ్మమ్మ వాళ్ల మండువా ఇంటి గోడలు గుర్తొచ్చాయి.

నాకెందుకింత సంబరమంటే, మూడేళ్ల కిందట వానాకాలంలో ఇదే లోయలో వేరేచోట దిగాం. రాతి గోడకు సిమెంటు, దాని మీద ప్లాస్టిక్ పెయింట్. లోపల చేరిన చెమ్మకు బయటికి దారి లేదు. పెయింట్ ఉబ్బి పెచ్చులు రాలుతోంది, దుప్పట్లకు కూడా బూజు వాసన. మా పాప రాత్రంతా దగ్గుతూనే ఉంది. సున్నమైతే ఆ చెమ్మను ఆరనిస్తుంది. సిమెంటు తయారీకి 1,450 డిగ్రీల దాకా వేడి కావాలి, సున్నపురాయి కాలడానికి 900 డిగ్రీలు చాలు. కాల్చినప్పుడు రాయిలోంచి పోయిన కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగాన్ని, పూసిన సున్నం మెల్లగా మళ్లీ పీల్చుకుని గట్టిపడుతుంది. పక్కనున్న బొర్రా గుహలు కూడా సున్నపురాయే!

కప్పు మీద పడే వాన నీళ్లు పట్టే తొట్టి కూడా కట్టారు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు, మంచి పని.

కానీ కొత్త బ్లాకులో డైనింగ్ హాలు చూడగానే కోపమొచ్చింది. పడమటి గోడ మొత్తం గాజు! మధ్యాహ్నం మూడింటికే లోపల ఉక్కపోత, దానికి రెండు ఏసీలు. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన, అరకులో ఏసీ ఏంటండీ? "వచ్చేవాళ్లకి వ్యూ కావాలి సార్" అన్నారు రిసార్ట్ వాళ్లు. పాత బ్లాకు వరండాలో పెంకుల చూరు కింద కూర్చుని అదే కొండను చూశా, చెమట చుక్క లేదు. సొంత ఆవరణలో ఉన్న వరండాను చూసి కూడా ఆ హాలు అలా ఎలా కట్టారు?

నా మాట: పాత బ్లాకులో గది అడిగి మరీ తీసుకోండి. కొత్త బ్లాకుకైతే నేను వెళ్లమని చెప్పను. సున్నం పూసిన ఈ గోడకు, మంచం వెనకున్న ఈ మూల బాగా గుర్తుపెట్టుకోండి. ఆగస్టు వానల్లో నా డబ్బుతో వచ్చి, చెమ్మ పట్టిందో లేదో ఇదే మూలను మళ్లీ చూపిస్తా.