చెయ్యి ఎత్తితే డ్రిల్ ఆగాలి

[దృశ్యం: డెంటల్ చెయిర్ ఇంకా నిటారుగానే ఉంది. డాక్టర్, పేషెంట్ ఎదురెదురుగా.]

వాయిస్: కింది దవడ పన్ను రాత్రంతా సలిపి, నిద్రలేక వచ్చిందామె. రూట్ కెనాల్, అంటే పంటి లోపలి పాడైన నరం తీసి శుభ్రం చేసి మూసెయ్యడం, చెయ్యాలి. నొప్పి తెలుస్తుందా, మధ్యలో తట్టుకోలేకపోతే ఆపుతారా, మొత్తం ఎంతవుతుంది... ఇవన్నీ ఆమె మనసులో ఉన్నాయి. డాక్టర్ గారూ, చెయిర్ వాల్చకముందే జవాబు చెప్పండి. నోట్లో అద్దం పెట్టాక ఎవరూ ఏమీ అడగలేరు.

[తెర మీద: ఎక్స్‌రే, పుచ్చు చుట్టూ గీత]

డాక్టర్: అమ్మా, ఈ నల్లటి భాగం పుచ్చు. లోపలి నరం దాకా వెళ్లింది. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే పన్ను నిలుస్తుంది. వద్దనుకుంటే తీసేయొచ్చు. తీసేస్తే పక్క పళ్లు మెల్లగా ఆ ఖాళీలోకి ఒరుగుతాయి.

వాయిస్: రూట్ కెనాల్ ఖర్చు ఇప్పుడు, క్యాప్ ఖర్చు తర్వాతి సిట్టింగ్‌లో చెప్పడం చాలాచోట్ల చూస్తాం. నమ్మకం పోయేది అక్కడే. రెండూ కలిపి ఒకే కాగితం మీద రాసివ్వండి.

[దృశ్యం: ఇంజెక్షన్, దగ్గరగా]

వాయిస్: చిగురును గాజుగుడ్డతో తుడిచి, మత్తు జెల్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. తడి మీద రాస్తే జెల్ లాలాజలంలో కొట్టుకుపోతుంది. 1.8 మిల్లీలీటర్ల మత్తుమందు గొట్టం (కార్ట్రిడ్జ్) ఎక్కించడానికి దాదాపు రెండు నిమిషాలు తీసుకోండి. గబగబా నెడితే లోపలి కండ సాగి నొప్పెడుతుంది. మత్తుమందులో కలిపే అడ్రినలిన్ వల్ల కాసేపు గుండె దడ రావచ్చని ముందే చెప్పండి, లేకపోతే భయపడిపోతారు.

ఇప్పుడు అసలు తప్పు జరిగే చోటు. పెదవి మొద్దుబారింది కదా అని డ్రిల్ అందుకుంటారు. పెదవికి మత్తు ఎక్కినంత మాత్రాన పన్నుకు ఎక్కినట్టు కాదు. కింది దవడ బ్లాక్‌కి, అంటే ఆ వైపు దవడ నరానికి ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌కి, పది పదిహేను నిమిషాలు కూడా పట్టొచ్చు. నరం వాచి ఉన్న పంటికి ఒక్కోసారి ఆ బ్లాక్ చాలదు. దూదికి కోల్డ్ స్ప్రే కొట్టి పంటికి ఆనించి చూడండి. జివ్వుమంటే ఇంకా మత్తు ఎక్కలేదు. బుగ్గ వైపు ఆర్టికైన్ అనే మత్తుమందు ఇవ్వండి, లేదా పంటిని ఎముకకు పట్టి ఉంచే లిగమెంట్‌లోకి మత్తు ఇవ్వండి. "కొంచెం ఓర్చుకోండి" అనకండి. ఓర్చుకోవడం ఆమె పని కాదు, మత్తు సరిగ్గా ఎక్కించడం మన పని.

[దృశ్యం: పేషెంట్ ఎడమ చెయ్యి ఎత్తుతుంది]

డాక్టర్: ఏ మాత్రం నొప్పి అనిపించినా ఎడమ చెయ్యి ఎత్తండి. ఒకసారి ఎత్తి చూపించండమ్మా.

వాయిస్: డాక్టర్ కుడి పక్కన కూర్చుంటారు కాబట్టి ఎడమ చెయ్యి. రబ్బర్ డ్యామ్, అంటే ఆ పన్ను ఒక్కటే బయటికి కనపడేలా నోటికి అడ్డంగా కట్టే రబ్బరు పొర, వేశాక ఆమెకి మిగిలిన భాష అదొక్కటే. చెయ్యి లేవగానే డ్రిల్ బయటికి తియ్యండి, తర్వాతే అడగండి. ఒక్కసారి పట్టించుకోకపోయినా, మిగతా సిట్టింగ్ అంతా ఆమె చెయిర్ పట్టుకుని బిగుసుకునే ఉంటుంది.

ఇంటికెళ్లేముందు: మత్తు రెండు నుంచి నాలుగు గంటలు ఉంటుంది, అది వదిలేదాకా ఏమీ నమలొద్దు. కొన్ని రోజులు కొరికితే నొప్పి ఉండొచ్చు. వాపు పెరిగినా, జ్వరం వచ్చినా ఆగకుండా ఫోన్ చెయ్యమనండి, ఎత్తే మనిషి నంబరే ఇవ్వండి.