స్లీపింగ్ బేర్ తొమ్మిదో నంబర్: మీరు దిగేది కొండ కాదు, అప్పులోకి!

ఆగండి, ఆగండి. ఈ సమ్మర్‌లో మిషిగన్ వెళ్తున్నవాళ్లు ఇది విన్నాకే బ్యాగులు సర్దుకోండి.

ఆ రీల్స్ మీరు చూసే ఉంటారు. స్లీపింగ్ బేర్ డ్యూన్స్ అనే ఇసుక దిబ్బల పార్కు, అందులో తొమ్మిదో నంబర్ ఓవర్‌లుక్, అంటే దిబ్బ అంచున ఉన్న వ్యూపాయింట్. చెప్పుల్లేకుండా ఒకడు కేకలేసుకుంటూ ఇసుక మీద కిందికి పరుగు, కింద నీలంగా లేక్ మిషిగన్ సరస్సు. అక్కడితో కట్! తర్వాతి రెండు గంటలు ఎవడూ పోస్ట్ చేయడు. కామెంట్స్‌లో మాత్రం ఒకటే కొట్లాట. ‘మూసేయాలి’ అని ఒకడు, ‘బోర్డు చదవనోడి ఖర్మ’ అని ఇంకొకడు, ‘ఎక్కలేక కింద ఇరుక్కున్నోళ్ల రెస్క్యూకి 3,000 డాలర్ల దాకా వసూలు చేయడమేంటి’ అని మరొకడు.

నేను ఒక్క మాట చెప్తా, రాసి పెట్టుకోండి. అక్కడ మీరు దిగడం లేదు. అప్పు చేస్తున్నారు.

అసలు ఎంతో తెలుసా? 450 అడుగుల ఎత్తు. అంటే దాదాపు 45 అంతస్తుల బిల్డింగ్. లిఫ్ట్ లేదు, మెట్లు లేవు, పట్టుకోడానికి రెయిలింగ్ లేదు. కిందికి నిమిషాల్లో వచ్చేస్తారు, పైకి రావడానికి రెండు గంటలు పట్టొచ్చు. కింద ఒడ్డున నడుచుకుంటూ ఎటో పోయి రోడ్డెక్కేద్దాం అనుకుంటారేమో, అదీ కుదరదు. దారి ఒక్కటే, వచ్చిన దారి.

ఇక వడ్డీ ఎలా పడుతుందో చూడండి. పొడి ఇసుక 34 డిగ్రీల వాలు దాటిందంటే నిలవదు, జారిపోతుంది. ఈ దిబ్బ వాలు ఇంచుమించు ఆ హద్దు మీదే ఉంటుంది. మీరు పాదం మోపి బరువు వేయగానే కాలి కింద ఇసుక కదులుతుంది. అడుగు పైకి, అరడుగు కిందికి. గట్టి నేల మీద నడిచినదానికి రెట్టింపు పైనే శక్తి ఖర్చవుతుంది, అదీ చదునైన ఇసుక మీద! ఇదేమో బాగా ఏటవాలుగా ఉన్న ఇసుక. ఆపైన ఆ వాలు మొహం పడమరకి. మధ్యాహ్నం రెండున్నరకి దిగారా, ఎక్కేటప్పుడు ఎండంతా ఆ వాలు మీదే, నీడ అంటూ ఎక్కడా లేదు. ఇసుక పెనంలా కాలుతుంటుంది. చెప్పులెక్కడ? కారులో. నీళ్ల బాటిల్? అదీ కారులోనే!

ఇప్పుడు నా థియరీ వినండి. ఎవరికి నచ్చకపోయినా సరే. అసలు ముద్దాయి తొమ్మిదో నంబర్ కాదు. డ్యూన్ క్లైంబ్!

అవునండీ, అదే పార్కులో ఎం-109 రోడ్డు పక్కన, పిల్లలందరూ ఎక్కే ఆ డ్యూన్ క్లైంబే. అక్కడ కారు దిబ్బ కింద ఉంటుంది. ముందు ఎక్కుతారు, ఆయాసం వస్తే అక్కడే కూలబడతారు, జారుకుంటూ వచ్చి కారు దగ్గర పడతారు. ముందు డబ్బు కట్టి తర్వాత సరుకు తీసుకున్నట్టు. తప్పు జరిగే ఛాన్సే తక్కువ. పొద్దున్నే అది చేసేసి, ‘ఓస్, ఇంతేనా’ అనుకుని, గ్లెన్ ఆర్బర్ ఊళ్లో తినేసి, మధ్యాహ్నం తొమ్మిదో నంబర్ ఉన్న పియర్స్ స్టాకింగ్ డ్రైవ్ అనే రోడ్డుకి వస్తారు. అదే ఇసుక, అదే రంగు. కానీ ఇక్కడ కారు పైన ఉంది! సరుకు ముందు, బిల్లు తర్వాత. కాళ్లు మాత్రం పొద్దుటి ధైర్యంతోనే దిగిపోతాయి.

డ్యూన్ క్లైంబ్ దగ్గర కూడా ఒక మోసం ఉందిలెండి. పైకెక్కితే లేక్ మిషిగన్ కనిపిస్తుందనుకుంటారు. వెనక్కి తిరిగితే కనిపించేది గ్లెన్ లేక్. పెద్ద సరస్సు దాకా పోవాలంటే ఆ దిబ్బ వెనక దిబ్బ, దాని వెనక ఇంకో దిబ్బ, రానూపోనూ 3.5 మైళ్లు, మూడు నాలుగు గంటలు. ‘ఆ మలుపు దాటితే వచ్చేస్తుంది నాన్నా’ అని పిల్లల్ని లాక్కెళ్లకండి. రాదు.

ఇంకో సంగతి. ఆ 450 అడుగులూ ఇసుకే అనుకుంటున్నారా? కాదు. హిమానీనదం వదిలేసిపోయిన రాళ్లూ గులకా కలిసిన గుట్ట అడుగున, గాలికి ఎగిరొచ్చిన ఇసుక దాని నెత్తిన. అందుకే ఆ వాలులో రాళ్లుంటాయి. మీవాడు పైన పరిగెడుతూ కాలితో తన్నిన రాయి కింద ఎక్కుతున్నావిడ మీదికి పోతుంది. రీల్‌లో ఇది కనిపించదు.

దిబ్బల్ని గట్టి నేలనుకోవడమే పొరపాటు. ఇండియానా డ్యూన్స్‌లో మౌంట్ బాల్డీ అని ఉంది. 2013 జులైలో ఆరేళ్ల పిల్లాడు నడుస్తూ నడుస్తూ ఇసుకలో మాయమైపోయాడు! ఎప్పుడో దిబ్బ మింగేసిన చెట్టు లోపల కుళ్లిపోయి బోలుగా మిగిలింది, అందులోకి జారాడు. 11 అడుగుల లోతు, మూడు గంటలకు పైగా. బతికి బయటపడ్డాడు, అదృష్టం. పిల్లలు బీచ్‌లో గొయ్యి తవ్వుతుంటే మోకాలి లోతు దాటనివ్వకండి. పక్కల నుంచి కూలితే చేత్తో తీయలేరు.

దిబ్బలు ఊళ్లనే మింగాయి, మనమెంత! మిషిగన్‌లోనే సాగటక్ దగ్గర సింగపూర్ అనే ఊరుండేది. నిజంగా అదే పేరు. 1871లో షికాగో, మిషిగన్‌లోని హాలండ్ ఊరు తగలబడ్డాయి, మళ్లీ కట్టుకోడానికి కలప కావాలి, చుట్టూ చెట్లన్నీ నరికేశారు. ఇసుకని ఆపే వేళ్లు పోయాయి. నాలుగేళ్లలో ఊరు ఖాళీ, ఆ తర్వాత ఇసుక కింద సమాధి. దిబ్బల మీది గడ్డిని తొక్కొద్దని బోర్డులు పెట్టేది ఇందుకే.

సరే, ఆల్రెడీ దిగేశారు, ఇప్పుడేంటి? వెంటనే ఎక్కకండి. టోపీ, చొక్కా సరస్సులో ముంచి తడిగానే వేసుకోండి. ఆ నీళ్లు అలాగే తాగకండి. ఎండ తగ్గేదాకా నీళ్ల పక్కనే కూర్చోండి. జూన్ చివర్లో అక్కడ తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది, తొందరేం లేదు. ఎక్కేటప్పుడు ముందువాళ్ల అడుగుల గుంటల్లోనే కాలు పెట్టండి, చిన్న చిన్న అడుగులు, చేతులు కూడా వాడండి. ఇరవై అడుగులు, కూర్చోవడం. మళ్లీ ఇరవై. అందరికంటే నెమ్మదైనవాళ్లే వేగం నిర్ణయించాలి. ఛాతీలో నొప్పి, తల తిరగడం ఉంటే పరువుకి పోకుండా 911కి ఫోన్ చేయండి.

పిల్లలకి నీళ్లే కావాలంటే ఎంపైర్ అనే ఊరి దగ్గర నార్త్ బార్ లేక్ ఉంది. లోతు తక్కువ, నీళ్లు వెచ్చగా ఉంటాయి, చిన్న ఇసుక గట్టు దాటితే లేక్ మిషిగన్. లేదంటే ప్లాట్ నది సరస్సులో కలిసే చోటు, ట్యూబ్ వేసుకుంటే నదే తీసుకుపోతుంది. కొండ మీంచి వ్యూనే కావాలా? ఎంపైర్ బ్లఫ్ ట్రెయిల్, రానూపోనూ 1.5 మైళ్లు, అడవి నీడలో. పార్కు పాస్ కారుకి 25 డాలర్లు, ఏడు రోజులు.

‘సరస్సే కదా, సముద్రమా?’ అనేవాళ్లకి ఒక్కటి. దాని వెడల్పు బాగా ఎక్కువున్న చోట 118 మైళ్లు. పడమటి గాలి వీస్తే మిషిగన్ ఒడ్డున అలలు వెంటవెంటనే కొడతాయి, ఊపిరి తీసుకోడానికి సందివ్వవు. సరస్సులోకి కట్టిన గట్టు (పియర్) పక్కన ప్రవాహం లోపలికి లాగుతుంది, అక్కడ ఈతకి దిగకండి. స్టేట్ పార్క్ బీచ్‌లలో లైఫ్‌గార్డులు ఉండరు, హెచ్చరిక జెండాలే. రెండు ఎర్రజెండాలుంటే నీళ్లలోకి దిగడమే నిషేధం. ఉత్తరపు గాలి గట్టిగా కొడితే వెచ్చని నీళ్లు ఒడ్డు వదిలిపోయి అడుగున్న చల్లనీళ్లు పైకొస్తాయి, నిన్న ఆడిన చోటే ఇవాళ కాళ్లు కొంకర్లు పోతాయి.

మరి తొమ్మిదో నంబర్ వదిలేయాలా? ఎందుకు వదిలేయాలి! టైమ్ మార్చండి. సాయంత్రం ఎనిమిదిన్నరకి వెళ్లండి. ఆ డ్రైవ్ 7.4 మైళ్ల వన్ వే లూప్, దాటిపోయారంటే మళ్లీ మొత్తం తిరిగి రావాలి. పైనే నిలబడి సూర్యుడు సరస్సులోకి దిగడం చూడండి. ఆయన ఒక్కడే దిగాలి, మీరు కాదు. మూడు వేల డాలర్ల గొడవ ఇప్పుడు కామెంట్స్‌లో కానివ్వండి, నేనూ అక్కడే ఉంటా.