కీమో నడుస్తుంటే పుట్టగొడుగుల పొడి వాడొచ్చా?

(తెర మీద: కర్నూలు పెద్దాసుపత్రి దగ్గరి రోడ్డు)

నమస్కారం అండీ. ఇంట్లో ఒకరికి కేన్సర్ అని తెలిసిందంటే చాలు, బంధువుల నుంచి వాట్సాప్‌లో సలహాలు మొదలవుతాయి. పుట్టగొడుగుల పొడి తింటే కేన్సర్ తగ్గుతుందనేది వాటిలో ఒకటి. రీషీ, షిటాకే, టర్కీ టెయిల్ అని పేర్లు. అంతా అబద్ధమని నేననను. ఎంతవరకు నిజమో చూద్దాం.

(తెర మీద: షిటాకే, పక్కన తెల్ల రక్తకణం బొమ్మ)

పుట్టగొడుగు కణాల గోడల్లో బీటా గ్లూకాన్ అనే పదార్థం ఉంటుంది. మన ఒంట్లో అది తయారవదు. అందుకే కొన్ని తెల్ల రక్తకణాలు దాన్ని బయటి ఫంగస్‌గా గుర్తుపడతాయి. ఆ కణాల పైన డెక్టిన్-1 అనే గ్రాహకం, అంటే బయటి పదార్థాన్ని పట్టుకునే భాగం ఉంటుంది. బీటా గ్లూకాన్ దానికి తగిలితే కణం చురుకై, మిగతా రక్షణ కణాలకు కబురు పంపుతుంది.

జపాన్‌లో గోరో చిహారా బృందం షిటాకే నుంచి లెంటినాన్ అనే బీటా గ్లూకాన్‌ను వేరుచేసింది. ఎలుకల్లో కణితుల మీద అది పనిచేసిందని 1969లో ప్రకటించింది. 1985లో జపాన్ దాన్ని కడుపు కేన్సర్ చికిత్సలో అనుమతించింది.

ఇక్కడ కాస్త ఆగి వినండి. అది శుద్ధి చేసిన ఇంజెక్షన్. కీమోతో కలిపి ఇచ్చారు, కీమో మాన్పించి ఇవ్వలేదు. టర్కీ టెయిల్ నుంచి తీసి, 1977లో అనుమతి పొందిన పీఎస్‌కే నోటి మందే అయినా, దాన్నీ కీమోకు తోడుగానే వాడారు. ఆ ఫలితాలను డబ్బాలో పొడికి అంటగట్టి అమ్మడం నాకు కోపం తెప్పిస్తుంది. ఆశతో ఉన్నవాళ్లు దాన్ని నమ్మి కీమో మానేస్తే ప్రాణం మీదికొస్తుంది.

రీషీతో ఇంకో చిక్కుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు దానివల్ల రక్తస్రావం ముప్పు పెరగొచ్చు.

(తెర మీద: రైతు బజారు, ఆయిస్టర్ పుట్టగొడుగులు)

మరి కూరకు తెచ్చుకునేవి? బాగా ఉడికించుకుని తినండి. వండే ముందు ముక్కలు కోసి, మిట్టమధ్యాహ్నం ఓ పావుగంట ఎండలో పెట్టండి. వాటిలోని ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఎండకు విటమిన్ డి2గా మారుతుంది. మన కర్నూల్లో ఎండకేం కొదవ! వానలకు చేలల్లో లేచేవి మాత్రం, తెలియనివైతే ముట్టుకోవద్దు.

పొడి డబ్బా ఇప్పటికే కొనుంటే దాచకండి. ఈసారి కీమోకి వెళ్లేటప్పుడు సంచిలో వేసుకెళ్లి డాక్టరుకు చూపించండి. ఎప్పటి నుంచి, రోజుకు ఎంత తీసుకుంటున్నారో చెప్పండి.