లాప్‌టాప్ కోసం క్రెడిట్ కార్డు గీకొచ్చా? తిరుపతిలో డిగ్రీ పిల్లలతో మాట్లాడిన మాటలు

అందరికీ నమస్కారం. మీ మేడమ్ వాళ్ళు ఇన్వెస్ట్‌మెంట్ల గురించి మాట్లాడమన్నారు, నేనే వద్దన్నా, ఎందుకంటే ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది దగ్గర ఇన్వెస్ట్ చేసేంత డబ్బు ఇంకా లేదు, అప్పిచ్చేవాళ్ళు మాత్రం మీకు పద్దెనిమిది నిండిన రోజు నుంచే ఫోన్లో వెతుక్కుంటా వస్తా ఉండారు. నేను బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చుని రిటైరైనదాన్ని. పీలేరు నుంచి, పుత్తూరు నుంచి, పలమనేరు నుంచి ఇక్కడికొచ్చి రూముల్లో ఉండి చదువుకునే పిల్లలు నన్ను అడిగేది ఎక్కువగా ఒకటే ప్రశ్న: "మేడమ్, లాప్‌టాప్ అరవై వేలు చెప్తా ఉండారు, క్రెడిట్ కార్డు తీసుకుని కొనేదా?"

జవాబు ముందే చెప్పేస్తా. ఆ అరవై వేలు ఇప్పటికే మీ అకౌంట్లో ఉంటే గీకండి, ఆఫర్లో నాలుగు వేలు తగ్గితే ఇంకా మంచిది, డ్యూ డేట్ లోపల మొత్తం కట్టేయండి. డబ్బు లేకపోతే గీకొద్దు. "ఇప్పుడు కొనేసి నెల నెలా కట్టుకుంటాలే" అనే ఆ మధ్య దారి ఉంది చూడండి, పిల్లలు దెబ్బ తినేది అక్కడే.

మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో వడ్డీ గురించి మాట్లాడేటప్పుడు సంవత్సరానికి ఇంత శాతం అని ఎవరూ అనరు కదా, నూటికి నెలకి ఎన్ని రూపాయలు అని అడుగుతారు. రూపాయి వడ్డీ అంటే అయినవాళ్ళ మధ్య ఇచ్చుకునేది. రెండు రూపాయలంటే ఊర్లో మామూలు. మూడు రూపాయలంటే "అంత అవసరం ఏమొచ్చిందిరా" అని మీ అమ్మ గట్టిగానే అడుగుతుంది. ఇప్పుడు క్రెడిట్ కార్డు కాగితాలు తీసి చూడండి, చాలా కార్డులకి నెలకి మూడున్నర శాతం అటూ ఇటూ ఉంటుంది, అంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఆ వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నూటికి నాలుగు రూపాయలు దాటిపోతుంది. అదే నాలుగు రూపాయల వడ్డీకి ఊర్లో ఒకాయన దగ్గర అరవై వేలు తెచ్చుకుంటానని మీ నాయనతో అనండి చూద్దాం, ఇంట్లోంచి అడుగు బయట పెట్టనిస్తాడా?

మినిమమ్ డ్యూ సంగతి కూడా చెప్పాల. బిల్లులో రెండు అంకెలుంటాయి, మొత్తం బాకీ ఒకటి, మినిమమ్ డ్యూ ఒకటి, ఆ రెండోది చాలా కార్డుల్లో మొత్తంలో ఐదు శాతం దగ్గర ఉంటుంది. అరవై వేలకి మూడు వేలు. చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి పిల్లోళ్ళు అది కట్టేసి ఈ నెల గండం గడిచిందనుకుంటారు. లెక్క తేలిగ్గా ఉండాలని నెలంతా అరవై వేలు బాకీ ఉందనుకుందాం. మూడున్నర శాతం అంటే వడ్డీ 2100. దాని మీద జీఎస్టీ 378. మొత్తం 2478. మీరు కట్టిన మూడు వేలల్లో అది పోతే అసలులో తగ్గింది ఎంత? 522 రూపాయలు. మెస్‌లో తిండి తగ్గించుకుని, పార్ట్‌టైమ్ పనికి పోయి, మూడు వేలు కట్టి, అరవై వేల అప్పుని 59,478కి తెచ్చినారు. మినిమమ్ మాత్రమే కట్టుకుంటా పోతే అప్పు నెలలు, సంవత్సరాలు సాగుతుందని బిల్లు మీద బ్యాంకు వేసి తీరాలని ఆర్బీఐ రూలే పెట్టింది, ఆ లైన్ అందరి స్టేట్‌మెంట్లో ఉంటుంది, చదివేవాళ్ళు తక్కువ.

ఇంకోటి, మొత్తం కట్టకపోతే ఆ నలభై ఐదు యాభై రోజుల వడ్డీ లేని గడువు కూడా పోతుంది. వడ్డీ డ్యూ డేట్ నుంచి కాదు, కొన్న రోజు నుంచి లెక్కేస్తారు. ఆ తర్వాత కార్డు మీద మీరు తాగే టీ కి కూడా మొదటి రోజు నుంచే వడ్డీ, ఇప్పుడు రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకోవచ్చు కాబట్టి టీ కొట్టు దగ్గర స్కాన్ చేసింది కూడా అందులోనే పడుతుంది.

ఇంత వడ్డీ తీసుకుంటే కోర్టులు ఊరుకుంటాయా అని మొన్న ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ సంవత్సరానికి 30 శాతం దాటితే అన్యాయమే అని చెప్పింది, 2024 డిసెంబర్లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. అంటే వడ్డీకి ఆ 30 శాతం హద్దు ఇప్పుడు లేదు, మనల్ని మనమే చూసుకోవాల.

"వడ్డీ లేకుండా వాయిదాల్లో కట్టే నో కాస్ట్ ఈఎంఐ ఉంది కదా మేడమ్" అంటారు. అసలు సున్నా శాతం వడ్డీ అనేదే లేదని 2013లో ఆర్బీఐ బ్యాంకులకి రాసింది. వడ్డీ ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఒకేసారి కట్టేవాళ్ళకి ఇచ్చే డిస్కౌంట్ మీకు రాదు, ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వడ్డీ భాగం మీద జీఎస్టీ మీరే కట్టాల. అయినా నేను దాన్ని పూర్తిగా తీసిపారేయను, మామూలు కార్డు వడ్డీతో పోలిస్తే నయమే, కానీ అది కూడా నెల నెలా కచ్చితంగా వచ్చే డబ్బు ఉన్నవాళ్ళకే.

ఆ నెల నెలా అనే మాట దగ్గరే మన ఇళ్ళ సంగతి వేరు. మీలో ఎంతమంది ఇళ్ళల్లో జీతం వస్తుంది? తోతాపురి తోట ఉన్న ఇంట్లో డబ్బు కనపడేది ఏడాదికి ఒకసారి, అది కూడా ఫ్యాక్టరీకి కాయలు తోలినాక ఎప్పుడు చేతికొస్తే అప్పుడు. పాలు పోసే ఇంట్లో కొంచెం మేలు, ఆవు వట్టిపోతే అదీ లేదు. కార్డు బిల్లుకి కాయల సీజన్ తెలీదు, ప్రతి నెలా అదే తేదీకి వస్తుంది. కార్డు మీ పేరుమీద ఉన్నా చివరికి కట్టేది నాయనే, ఆయన తెచ్చేది ఊర్లో వడ్డీకే.

నా సీటు దగ్గర చూసింది ఒకటి చెప్తా. ఒక అమ్మాయి, వాళ్ళ నాయన వచ్చినారు, పీజీకి ఎడ్యుకేషన్ లోన్ కావాల. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవర్లో పట్టా పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సులు అన్నీ వరసగా సర్ది పెట్టుకున్నాడు. అమ్మాయి మార్కులు బ్రహ్మాండం. సిబిల్ రిపోర్టు, అంటే ఎవరు అప్పు ఎట్లా కట్టినారో చూపించే రికార్డు, తీస్తే కార్డు మీద పదిహేడు వేల చిల్లర బాకీ, చాలా నెలలుగా కట్టలేదు. కొన్నది ఫోను, అదీ తన కోసం కాదు, రూమ్మేట్ నేను కట్టేస్తా అంటే గీకిచ్చింది, ఆ పిల్ల కోర్సు మధ్యలో మానేసి పోయింది. నాయనకి ఆ సంగతి మా టేబుల్ దగ్గరే తెలిసింది. ఆయన అమ్మాయిని ఒక్క మాట అనలేదు, "కట్టేస్తే లోన్ వస్తుందా మేడమ్" అని మాత్రం అడిగినాడు. కట్టినాక కూడా రికార్డు సరి కావడానికి టైమ్ పట్టింది, అడ్మిషన్ ఫీజు గడువు దాటిపోయింది. అందుకే చెప్తా ఉండా, ఎంత ప్రాణ స్నేహమైనా వేరేవాళ్ళ వస్తువుకి మీ కార్డు గీకొద్దు. 2025 జనవరి నుంచి బ్యాంకులు సిబిల్ లాంటి సంస్థలకి కనీసం పదిహేను రోజులకొకసారి రిపోర్టు పంపాల కాబట్టి ఇప్పుడు మంచైనా చెడైనా తొందరగానే ఎక్కుతుంది.

మరి లాప్‌టాప్ ఎట్లా కొనేది? ఎడ్యుకేషన్ లోన్ తీసుకునేవాళ్ళు ఇది రాసుకోండి. కోర్సుకి కంప్యూటర్ అవసరమైతే దాని ఖర్చు కూడా ఆ లోన్లోనే అడగొచ్చు. కాలేజీ ఇచ్చే ఖర్చుల అంచనా కాగితంలో ఫీజు, హాస్టల్, పుస్తకాలతో పాటు లాప్‌టాప్ కూడా వేయించుకోండి, తర్వాత కలపమంటే కష్టం, అప్లై చేసేటప్పుడే అడగాల. దాని వడ్డీ బ్యాంకుని బట్టి మారుతుంది, పది శాతం అనుకుంటే నూటికి నెలకి రూపాయి కూడా లేదు, పైగా కోర్సు అయిపోయి ఇంకో ఏడాది దాకా వాయిదాలు మొదలు కావు. నాలుగు రూపాయల వడ్డీ ఎక్కడ, రూపాయి లోపు వడ్డీ ఎక్కడ! లోన్ లేనివాళ్ళు అమ్మ వేసే చీటీ ఎత్తే నెల దాకా ఆగి కొనండి, అంతవరకు కాలేజీ ల్యాబ్ వాడుకోండి, వారంటీ ఉన్న సెకండ్ హ్యాండ్ కూడా చూడండి. ఆరు నెలలు పాత మెషీన్ మీద కోడింగ్ నేర్చుకుంటే ఎవరి చదువూ ఆగిపోదు.

అయినా కార్డు కావాలంటే, సిబిల్ స్కోర్ మొదలుపెట్టుకోవాలంటే తప్పేం లేదు. జీతం లేనివాళ్ళకి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు ఇస్తారు. పది పదిహేను వేలు డిపాజిట్ చేస్తే అందులో ఎక్కువ భాగం లిమిట్‌గా వస్తుంది, డిపాజిట్ మీద మీకు వడ్డీ నడుస్తానే ఉంటుంది. ఫోన్ రీచార్జి, బస్ టికెట్టు లాంటివి వాడి, ఆటో డెబిట్‌లో టోటల్ అమౌంట్ అని పెట్టుకోండి, మినిమమ్ అని కాదు, అక్కడ ఒక్క టిక్ తప్పు పడితే ఇందాకటి 522 లెక్కలోకి పోతారు. నాయన కార్డు మీద యాడ్ ఆన్, అంటే ఆయన కార్డుకి కలిపి మీకిచ్చే ఇంకో కార్డు, తీసుకునేవాళ్ళు, బిల్లు ఆయన పేరుమీదే వస్తుందని, దెబ్బ ఆయన స్కోర్‌కే అని గుర్తుంచుకోండి. ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో డబ్బు తీయొద్దు, ఫీజు వేరే, వడ్డీ తీసిన రోజు నుంచే. షాపుల్లో కార్డు గీకి కమీషన్ పట్టుకుని క్యాష్ ఇస్తాం అంటారు, అటువైపే పోవద్దు.

ఇప్పటికే కార్డు తీసుకుని ఇరుక్కున్నవాళ్ళు కూడా ఇక్కడ ఉంటారు, సిగ్గు పడాల్సిన పనేం లేదు. ముందు కొత్తగా గీకడం ఆపండి, బ్యాంకుని అడిగి బాకీని తక్కువ వడ్డీ ఈఎంఐగా మార్పించుకోండి, ఇంట్లో చెప్పండి. బాకీ మొత్తం తీరినాక క్లోజ్ చేయమని రిక్వెస్టు పెడితే ఏడు పనిదినాల్లో చేయాల, చేయకపోతే రోజుకి 500 రూపాయలు బ్యాంకే మీకు కట్టాలని 2022 ఆర్బీఐ రూల్. మీరు అడక్కుండా కార్డు పంపినా, మీరు ఒప్పుకోకుండా లిమిట్ పెంచినా అది కూడా తప్పే, బ్యాంకు నెల రోజుల్లో జవాబు చెప్పకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో కంప్లయింట్ పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు. మీ స్టేట్‌మెంట్లు ఫోన్లో తెరవండి, ఒక్కొక్కరే రండి, సాయంత్రం దాకా ఇక్కడే ఉంటా.