డ్రాగ్ ట్రాక్ పట్టు తప్పితే: స్ప్రేయర్ తియ్యకముందు చూడాల్సినవి

[షాట్: స్టార్టింగ్ లైన్ దగ్గర ఎడమ లేన్. నల్లటి రబ్బరు మధ్యలో అరచేయంత బూడిదరంగు మచ్చ. కెమెరా నేలకి ఆనించి ఉంది.]

వాయిస్:
ఇది డ్రాగ్ రేసు ట్రాక్, అంటే రెండు కార్లు జతగా, పక్కపక్క లేన్లలో తిన్నగా దూసుకెళ్లే పోటీ జరిగే చోటు. ఆ బూడిదరంగు మచ్చ చూడండి. అక్కడ రబ్బరు లేచిపోయి కింద కాంక్రీటు బయటపడింది. తర్వాత వచ్చే కారు టైరు సరిగ్గా ఆ మచ్చ మీద పడితే ఒక్కసారి జారుతుంది, మళ్లీ పక్కనున్న రబ్బరు దొరకగానే పట్టేస్తుంది. ఆ జారడం పట్టడంలో మచ్చ ఇంకా పెద్దదవుతుంది. నాలుగైదు కార్లు వెళ్లేసరికి అరచేయంత మచ్చ పళ్లెమంత అవుతుంది.

ఇలాంటిది కనిపించగానే చాలామంది చేసే పని ఒకటే: గ్లూ కొట్టడం. సగం సార్లు దానివల్లే పరిస్థితి ఇంకా చెడిపోతుంది. ఈ వీడియోలో, పోటీ నడుస్తుండగా ట్రాక్ పాడైతే ముందు రోగం ఏమిటో ఎలా పట్టుకోవాలి, తర్వాత ఏం చెయ్యాలి అన్నది చూద్దాం.

[గ్రాఫిక్: ట్రాక్ అడ్డుకోత. అడుగున కాంక్రీటు, పైన గ్లూ, ఆ పైన రబ్బరు పొరలు.]

వాయిస్:
కారుని పట్టి ఉంచేది కాంక్రీటు కాదు. దాని మీద రోజుల తరబడి పేరుకున్న రబ్బరు పొర, ఆ పొరని అతికించి ఉంచే గ్లూ. అందరూ గ్లూ అనే ఈ పదార్థం రెజిన్‌తో చేసిన ట్రాక్షన్ కాంపౌండ్. పీజే1 ట్రాక్‌బైట్, వీహెచ్‌టీ లాంటి పేర్లు వినే ఉంటారు. దీన్ని మిథనాల్‌తో పల్చన చేసి ట్రాక్టర్‌కి బిగించిన స్ప్రేయర్‌తో కొడతారు. మిథనాల్ ఆవిరైపోతుంది, రెజిన్ మిగులుతుంది. దాని మీద పాత స్లిక్ టైర్లకి, అంటే గాడులు లేని నున్నటి రేసు టైర్లకి, బరువు పెట్టి, ట్రాక్టర్ వెనక ఈడ్చుకుంటూ రబ్బరు పూస్తారు. డ్రాగ్ చెయ్యడం అంటే ఇదే.

కాబట్టి పట్టు తప్పిందంటే ఆ పొరకి నాలుగింటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది: ఊడిపోయింది, మెత్తబడింది, తడిసింది, లేదా దాని మీద ఏదో పడింది. నాలుగింటికీ మందు వేరు. మెత్తబడిన ట్రాక్ మీద గ్లూ కొడితే ఇంకా జారుతుంది. తేమ మీద కొడితే అతుక్కోదు. ఆయిల్ మీద కొట్టారంటే ఆ ఆయిల్‌ని మీ చేతులతో మీరే పొర కింద దాచినట్టు.

[షాట్: టైమింగ్ టవర్‌లో స్క్రీన్. 60 అడుగుల టైములు వరసగా.]

వాయిస్:
మరి రోగం ట్రాక్‌దా, కారుదా? డ్రైవర్‌ని అడిగితే తప్పు ఎప్పుడూ ట్రాక్‌దే! అందుకే 60 అడుగుల టైములు, అంటే లైన్ నుంచి మొదటి 60 అడుగులు వెళ్లడానికి పట్టిన టైములు చూడండి. అంతకుముందు నిలకడగా వెళ్తున్న కార్లు, అదీ మూడు నాలుగు వేర్వేరు కార్లు, ఒకే లేన్‌లో 0.03 నుంచి 0.05 సెకన్లు నెమ్మదిస్తే అది ట్రాక్. ఒక్క కారే నెమ్మదిస్తే అది కారు. 60 అడుగులు బాగుండి 330 అడుగుల టైము చెడితే, మీరు వెతకాల్సింది స్టార్టింగ్ లైన్ దగ్గర కాదు, ఆ రెంటి మధ్యలో.

తర్వాత నడిచి చూడండి. గ్రూవ్ లోపల, అంటే టైర్లు వెళ్లే దారిలో, శుభ్రమైన షూతో. బాగున్న చోట అడుగు తియ్యడానికి కాస్త బలం పెట్టాలి, కర్రుమని శబ్దం వస్తుంది. ఆ శబ్దం ఆగిన చోట వంగి చూడండి. చేతిలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉండాలి. టార్క్ రెంచ్‌తో తిప్పి పట్టు కొలిచే మీటర్ ఉంటే మరీ మంచిది. అయితే దాని అంకెని వేరే ట్రాక్ అంకెతో పోల్చకండి. ఇదే ట్రాక్ మీద పొద్దున తీసిన అంకెతో పోల్చండి, రెండు లేన్లనీ ఒకదానితో ఒకటి పోల్చండి.

[షాట్: మళ్లీ ఆ బూడిదరంగు మచ్చ. పొడవాటి పిడి ఉన్న స్క్రేపర్‌తో ఒక మనిషి.]

వాయిస్:
మొదట ఊడిపోయిన చోటు, బాల్డ్ స్పాట్ సంగతి. మచ్చ అంచుని వేలితో తడమండి. అంచు పైకి లేచి ఉంటే అసలు సమస్య మచ్చ కాదు, దాని చుట్టూ ఉన్న రబ్బరు. అది కింద అతుక్కుని లేదు. దుమ్ము మీదో, తేమ మీదో పడిన పొర అయి ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి మధ్యలో గ్లూ నింపితే తర్వాతి కారు అంచుని పట్టుకుని పెద్ద ముక్కే లాక్కుపోతుంది.

స్క్రేపర్‌ని పడుకోబెట్టినట్టు పట్టుకుని, మచ్చ అంచు నుంచి బయటికి గోకండి. వదులుగా ఉన్నదంతా రావాలి. గట్టిగా అంటుకున్న రబ్బరు తగిలే దాకా వెళ్లి, అక్కడ అంచుని ఏటవాలుగా పల్చన చెయ్యండి. మెట్టులా నిటారుగా వదలొద్దు. వచ్చిన ముక్కల్ని బ్లోయర్‌తో ఊదండి, కానీ పక్క లేన్‌లోకి కాదు, గోడ వైపుకి. మిథనాల్ తడిపిన గుడ్డతో తుడవండి. గుడ్డకి ఇంకా మట్టిరంగు అంటుతుంటే మళ్లీ తుడవండి.

ఇప్పుడు గ్లూ. చేతి స్ప్రేయర్‌తో, పల్చగా. గ్లూ, మిథనాల్ సగం సగం కలిపి మొదలుపెట్టడం చాలాచోట్ల అలవాటు. పట్టు మరీ ఎక్కువైందో, తక్కువైందో చూసుకుని ఆ పాళ్లు మార్చుకుంటారు. మందంగా ఒకేసారి కొట్టొద్దు. పైన తెట్టు కట్టి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల మిథనాల్ చిక్కుకుని పచ్చిగానే ఉంటుంది. మొదటి బర్నవుట్‌కే, అంటే టైరు వేడెక్కడానికి దాన్ని ఉన్నచోటే గిర్రున తిప్పినప్పుడే, మొత్తం చుట్టుకుని టైరుతో వెళ్లిపోతుంది. ఆరిందో లేదో తెలియాలంటే గ్లవ్ వేసుకున్న వేలి వెనక వైపు ఆనించి ఎత్తండి. జిగురుగా లాగాలి, కానీ గ్లవ్‌కి తడి అంటకూడదు. అప్పుడు డ్రాగ్‌తో మచ్చ మీదుగా నిదానంగా నాలుగైదు సార్లు వెళ్లండి. మళ్లీ పల్చటి గ్లూ, మళ్లీ డ్రాగ్.

ఒక హెచ్చరిక. మిథనాల్ మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. స్ప్రే కొట్టిన చోటు ఆరేదాకా దగ్గర్లో ఏ ఇంజినూ స్టార్ట్ చెయ్యకూడదు. ఎగ్జాస్ట్ నుంచి ఒక్క నిప్పురవ్వ చాలు. మంట ఆర్పే సిలిండర్ పట్టుకున్న మనిషి లైన్ దగ్గరే నిలబడాలి, గుడారంలో కాదు. ఇంకొకటి, మిథనాల్ గాల్లో తేమని లాక్కుంటుంది. మూత తీసి వదిలేసిన డ్రమ్ములోది వాడితే ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది.

ఊడగొట్టేది కార్లు ఒక్కటే అనుకోకండి. వేడెక్కిన రబ్బరు మీద లాగుడు బండి ఆపి, ఆగిన చోటే స్టీరింగ్ తిప్పితే చక్రం కింద రబ్బరు మెలిపడి లేచిపోతుంది. ఇది దాదాపు ప్రతి పోటీలో జరుగుతుంది, ఎవరూ ఒప్పుకోరు.

[షాట్: ఎండలో ట్రాక్. దూరంగా వేడి గాలి అలలు. థర్మామీటర్ మీద 58 డిగ్రీలు.]

వాయిస్:
రెండోది, మెత్తబడటం. ట్రాక్ ఉపరితలం 30 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే పని సుఖంగా సాగుతుంది. 55, 60 దాటితే పొర జిడ్డుగా మారుతుంది. గోరుతో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంది. ఇక్కడ గ్లూ పెంచడం తప్పు. ఎక్కువైన పొరని స్క్రేపర్ మెషీన్‌తో తగ్గించండి, ఊడి పడిన ఉండల్ని ఊడ్చండి, కార్ల మధ్య కాస్త ఎడం ఇవ్వండి. వీలైతే బాగా శక్తి ఉన్న కార్ల క్లాసుల్ని సాయంత్రానికి జరపండి.

నీడ సంగతి కూడా చూడాలి. సాయంత్రం ప్రేక్షకుల స్టాండ్ నీడ ముందు ఒక లేన్ మీదే పడుతుంది. ఒక లేన్ 40 డిగ్రీలు, పక్కది 52 ఉంటే మీరు ఎంత బాగా సిద్ధం చేసినా రెండూ ఒకేలా ఉండవు. అప్పుడు రెండు లేన్ల ఉష్ణోగ్రతనీ అరగంటకోసారి బోర్డు మీద రాసి పెట్టండి. ట్యూనర్లు, అంటే కారు ఇంజిన్‌ని సర్దేవాళ్లు, ఆ తేడాకి తగ్గట్టు కారు సర్దుకుంటారు, మీకూ గొడవ తప్పుతుంది.

[షాట్: రాత్రి, లైట్ల కింద ట్రాక్. ఉపరితలం సన్నగా మెరుస్తోంది.]

వాయిస్:
తడి అంటే వాన ఒక్కటే కాదు. వాన కనిపిస్తుంది, అందరూ ఆగుతారు, నీళ్లు తోసి ఆరబెడతారు. కాంక్రీటు అతుకుల్లోంచి నీళ్లు మళ్లీ ఊరుతుంటాయి కాబట్టి ఆరిందనుకున్నాక పావుగంట ఆగి మరోసారి చూడాలి, అంతే.

ప్రమాదమంతా రాత్రి కురిసే మంచు తేమతో. గాలి 24 డిగ్రీలు, తేమ 80 శాతం ఉందనుకోండి. డ్యూ పాయింట్, అంటే గాల్లో తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, దాదాపు 20. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి ట్రాక్ ఉపరితలం గాలికన్నా చల్లబడుతుంది. అది 20కి దిగిన క్షణం నుంచి కంటికి ఆనని తేమ పొర మొదలవుతుంది. చేత్తో తాకితే చల్లగా ఉందనిపిస్తుందే తప్ప తడి తెలియదు. ట్రాక్ ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ మధ్య తేడా 3 డిగ్రీలకి వచ్చిందంటే ప్రతి జతకి ముందు కొలవండి. 2 లోపలికి వస్తే ఆపెయ్యండి. ఒక్క రౌండే మిగిలిందని లాగించకండి. కారు లైన్ దగ్గర జారితే నష్టం రేసు ఒక్కటే. 1,000 అడుగుల దగ్గర జారితే ఎదురుగా ఉండేది గోడ.

నీళ్లు వాటర్ బాక్స్ నుంచి, అంటే బర్నవుట్‌కి ముందు టైర్లు తడిపే చోటు నుంచి కూడా వస్తాయి. గాడులున్న వీధి టైర్లు నీళ్లని మోసుకొచ్చి లైన్ మీద కారుస్తాయి. అలాంటి కార్లని నీళ్లు తొక్కకుండా పక్క నుంచి పంపండి.

[షాట్: ట్రాక్ మీద నల్లటి పొడవాటి చార. రెడ్ లైట్. సిబ్బంది పరుగు.]

వాయిస్:
ఇక ఆయిల్ డౌన్, అంటే కారు ఆయిల్ ట్రాక్ మీద కారడం. ఇంజిన్ పేలితే 6 నుంచి 8 లీటర్ల ఆయిల్ కొన్ని సెకన్లలో వందల అడుగుల పొడవునా పరుచుకుంటుంది. అందుకే వేగంగా వెళ్లే క్లాసుల్లో ఇంజిన్ కింద ఆయిల్ పట్టుకునే డైపర్ తప్పనిసరి చేశారు. అమెరికాలో డ్రాగ్ పోటీలు నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అయితే ఆయిల్ కార్చిన జట్టుకి జరిమానా వేసి పాయింట్లు కూడా కోసింది.

మొదటి పని డ్రైవర్‌ది. పొగో, మంటో కనిపిస్తే గ్రూవ్ వదిలి తన లేన్ గోడ వైపుకి జరగాలి, పక్క లేన్‌లోకి మాత్రం వెళ్లకూడదు. గ్రూవ్‌లోనే చివరిదాకా వెళ్తే 10 నిమిషాల పని గంట అవుతుంది. స్టార్టర్, అంటే లైన్ దగ్గర రేసు మొదలుపెట్టే అధికారి, తర్వాతి జతని ఆపి ఇంజిన్లు ఆఫ్ చేయించాలి.

శుభ్రం చేసేవాళ్లు చార మొదలైన చోటు నుంచి కాదు, ఇంకా ముందు నుంచి నడవాలి. మొదటి చుక్కలు చారకి చాలా ముందే పడి ఉంటాయి. లోహపు ముక్కలు ఏరాక, ఆయిల్ పీల్చే పొడి చల్లి బ్రష్షుతో రుద్దండి. బయటి అంచు నుంచి లోపలికి. లోపలి నుంచి బయటికి తోస్తే మచ్చ వెడల్పు అవుతుంది. పొడి ముదురురంగు తిరిగాక ఎత్తేసి, కొత్త పొడితో మరో విడత. తర్వాత డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం), రుద్దడం, నీళ్లతో కడిగి తోడెయ్యడం, ఆరబెట్టడం.

ఎక్కువగా పొరపాటు జరిగేది చివర్లో. ఆయిల్ పోయింది కదా అని పొడిని సగం ఊడ్చి వదిలేస్తారు. మిగిలిన నలుసులు టైరు కింద గోలీల్లా దొర్లుతాయి. బ్లోయర్‌తో ఊదాక తెల్లటి టిష్యూ కాగితాన్ని మడమ కింద పెట్టి మెలితిప్పండి. పసుపు మరక వస్తే ఆయిల్ ఉంది, బూడిదరంగు పొడి అంటితే పొడి ఉంది. రబ్బరే కొంచెం నల్లగా అంటితే పర్వాలేదు. రబ్బరు ఆయిల్ తాగి ఉబ్బి ఉంటే ఎంత కడిగినా లాభం లేదు, ఆ భాగం గోకి తీసేసి బాల్డ్ స్పాట్‌లాగే మళ్లీ కట్టాలి.

కూలెంట్ కారితే కథ మరొకటి. గ్లైకాల్ ఉన్న యాంటీఫ్రీజ్ ఆవిరవదు, జారుడు పొరలా మిగిలిపోతుంది. రేడియేటర్‌లో అది వద్దని నిబంధన పెట్టేది అందుకే. పడిందంటే నీళ్లతో ఒకటికి రెండుసార్లు కడగాల్సిందే.

[షాట్: రెండు లేన్లలోనూ డ్రాగ్ ట్రాక్టర్ వెళ్తోంది.]

వాయిస్:
ఒక లేన్ బాగుచేశాక రెండోదాన్ని అలాగే వదిలెయ్యకండి. ఎడమ లేన్‌కి స్ప్రే, డ్రాగ్ పడితే కుడి లేన్‌కీ అంతే పడాలి. లేకపోతే లేన్ ఎంచుకునే హక్కు ఉన్నవాడు రేసు సగం గెలిచినట్టే. తెరిచేముందు రేస్ డైరెక్టర్, రెండు జట్ల నుంచి ఒక్కో మనిషి గ్రూవ్‌లో నడిచి చూడాలి. వీలుంటే మొదట తక్కువ శక్తి ఉన్న క్లాసు జతని పంపి, వాళ్ల 60 అడుగుల టైముని పొద్దుటి టైముతో పోల్చాకే పెద్ద కార్లని పిలవండి. ఎన్ని గంటలకి, ఏ లేన్‌లో, ఎన్నో అడుగు దగ్గర, ఏ మిశ్రమం కొట్టారు, అప్పుడు ట్రాక్ ఉష్ణోగ్రత ఎంత అన్నది అక్కడికక్కడే పుస్తకంలో రాసుకోండి. అదే చోట మచ్చ మళ్లీ లేస్తే పైన పూత వెయ్యడం ఆపి, ఆ రాత్రికి కాంక్రీటు దాకా గోకి తీసెయ్యాలి.